యంత్రం లేని కుట్టు



మేజోళ్ళు అల్లే యంత్రాన్ని విలియం లీ అనే ఆయన ఇంగ్లండులో 1589లోనే తయారుచేశాడు. అంటే స్వెటర్లూ మేజోళ్ళూ అల్లే పనికి యంత్రం వచ్చి నాలుగు వందల ఏళ్ళు దాటిపోయింది. తరవాత నేతకు మరమగ్గం వచ్చింది, కుట్టుకు మిషను వచ్చింది, ఎంబ్రాయిడరీకి కంప్యూటరు వచ్చింది. కొక్కెం సూదితో అల్లే క్రోషే అల్లికకు మాత్రం రాలేదు. పరిశోధనశాలల్లో ప్రయత్నాలు సాగుతున్నాయి గానీ, ఈ రోజుకీ అంగట్లో కనిపించే క్రోషే బొమ్మ ఏదైనా, క్రోషే టోపీ ఏదైనా, ఎక్కడో ఎవరో ఒక మనిషి కూర్చుని చేత్తో అల్లిందే.

ఎందుకు రాలేదంటే, కారణం ఆ కుట్టులోనే ఉంది. రెండు సూదులతో అల్లే ఊలు అల్లికలో ఒక వరసలోని ఉచ్చులన్నీ సూది మీద బారుగా నిలబడి ఉంటాయి. బారుగా ఉన్నవాటిని యంత్రం పట్టుకోగలదు. క్రోషేలో సూది మీద ఉండేది సాధారణంగా ఒక్కటే ఉచ్చు. ఒక కుట్టు ముగిశాకే ఇంకో కుట్టు. పైగా కొక్కెం సూదిని అల్లికలో ఎక్కడైనా గుచ్చవచ్చు. ముందు వరసలో గుచ్చవచ్చు, రెండు వరసల కిందికి పోయి గుచ్చవచ్చు, ఒకే కన్నంలో రెండుసార్లు గుచ్చవచ్చు. ఆ చోటేదో వేలి కొసకు తెలుస్తుంది, ఇనప చేతికి తెలియదు. మిల్లుల్లో క్రోషే మిషను అని పిలిచేది ఒకటి ఉంది. దాని మీద వచ్చే లేసు చూపుకు క్రోషేలా ఉంటుంది గానీ ఆ అల్లిక తీరు వేరు.

ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, హస్తకళల ప్రదర్శనల్లో తరచుగా వినిపించే ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. "ఏంటమ్మా, ఇంత చిన్న బొమ్మకి మూడొందలా?" అరచేతిలో పట్టే ఏనుగుపిల్ల, కుందేలు, పసిపిల్లల టోపీ. ఇవి ఎలా తయారవుతాయి, పిల్లలకు ఇచ్చేముందు ఏం చూసుకోవాలి, అల్లిన చేతికి ఎంత దక్కాలి అనే మూడు సంగతులూ ఈ పూట చెప్పుకుందాం.

తెలుగు నేల మీద క్రోషే అంటే ముందు చెప్పుకోవలసిన ఊరు నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు, సీతారామపురం చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. 19వ శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. అది 1844 ప్రాంతమంటారు. సరిగ్గా అదే కాలంలో, 1845లో, ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి ఘోరమైన కరువు వచ్చింది. అక్కడి కాన్వెంట్లలో సన్యాసినులు ఆడవాళ్ళకు క్రోషే లేసు నేర్పి, అల్లినదాన్ని అమ్మించి, ఇళ్ళలో పొయ్యి వెలిగేలా చూశారు. రెండుచోట్లా ఈ సూది ముచ్చటకోసం కాక తిండికోసం చేతికి వచ్చింది.

అయితే తిండి ఎంత పెట్టింది? జర్మనీ సామాజికవేత్త మారియా మీస్ 1970ల చివర నరసాపురం ప్రాంతంలో ఉండి, ఈ లేసు పనివాళ్ళ మీద పరిశోధన చేసింది. 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పేరుతో ఆ పుస్తకం 1982లో వచ్చింది. ఆమె గమనించింది ఇది. ఏజెంటు దారం తెచ్చి ఇంటికి ఇస్తాడు. అల్లిన ముక్కకు ఇంత అని లెక్కగట్టి డబ్బిస్తాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె ఆ పువ్వుల్ని ఒకదానికొకటి అతుకుతుంది, దాన్ని అతుకుపని అంటారు. చివరికి ఆ టేబుల్ గుడ్డ ఏ దేశం వెళ్ళిందో, అక్కడ ఎంతకు అమ్ముడుపోయిందో, పువ్వు అల్లిన ఆమెకు తెలియదు. ఇంటిపని, వంటపని, పిల్లల పని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆ సూదితో గడుపుతున్నా, అందరూ దాన్ని తీరిక వేళ కాలక్షేపం అనే అన్నారు. అల్లిన వాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. గడప దాటకుండా చేసే పని కాబట్టి గౌరవం ఉంది. కూలి మాత్రం పొలం పనికి పోయే ఆడకూలీకి వచ్చేదానికంటే తక్కువ.

ఆ ఊళ్ళ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నరసాపురం క్రోషే లేసు అనే పేరు ఇక వేరే చోటి సరుకుకు పెట్టుకోవడానికి వీల్లేదు. సంతోషించదగ్గ విషయమే. కానీ పేరుకు గుర్తింపు రావడం వేరు, గంటకు కూలి రావడం వేరు.

చిన్న బొమ్మలూ టోపీలూ నాకు ముఖ్యంగా కనబడేది ఇక్కడే. మంచం మీద పరిచే లేసు దుప్పటి ఒక్కరి వల్ల త్వరగా తెమిలే పని కాదు. పది చేతులు పడాలి, మధ్యలో ఏజెంటు ఉండాలి. బొమ్మ అలా కాదు. దారం కొన్నదీ, అల్లిందీ, దూది కూరిందీ, కళ్ళు కుట్టిందీ ఒకే మనిషి. అమ్మేది కూడా ఆవిడే కావచ్చు. ఎంతకు అమ్ముడుపోయిందో ఆవిడకు తెలుస్తుంది. లేసు అల్లికలో ఎన్నడూ చేతికి రాని లెక్క ఇక్కడ చేతికి వస్తుంది.

ఇక అల్లే తీరు చెబుతాను. చేతిలో సూది ఉన్నవారు తీసుకోండి, లేనివారు ఊరికే వినండి.

లేసుకు వాడే ఉక్కు సూది సన్నగా ఉంటుంది, దారం నలభై నంబరో అరవై నంబరో ఉంటుంది. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. బొమ్మకు అంత సన్నదారం అక్కర్లేదు. కాస్త లావు నూలు దారం, రెండున్నర లేక మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం సూది చాలు. దారం చుట్ట మీద ఎంత సైజు సూది వాడాలో రాసి ఉంటుంది. బొమ్మకైతే దానికంటే ఒక సైజు చిన్నది తీసుకోండి. అల్లిక బిగువుగా రావాలి. వదులుగా ఉంటే లోపలి దూది కన్నాల్లోంచి బయటకు తొంగిచూస్తుంది.

ఎడమచేతి చూపుడువేలికి దారం ఒక చుట్టు చుట్టి ఉచ్చు వేయాలి. ఆ ఉచ్చులోపల ఆరు కుట్లు. దారం కొస లాగితే ఉచ్చు బిగిసి మధ్యలో కన్నం మూసుకుపోతుంది. అదే బొమ్మ నడినెత్తి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి కుట్లు వేస్తే పన్నెండు. మూడో చుట్టులో ఒకటి విడిచి ఒకదానిలో రెండేసి వేస్తే పద్దెనిమిది. తరవాత ఇరవై నాలుగు, ముప్ఫై, ముప్ఫై ఆరు. చుట్టుకు ఆరు చొప్పున పెరుగుతూ పోతే అల్లిక బల్లపరుపుగా, గుండ్రంగా వస్తుంది. ఆరుకంటే తక్కువ పెంచితే లోపలికి ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు నూనెలో వేసిన అప్పడంలా అలలు తిరుగుతుంది. కావలసినంత వెడల్పు వచ్చాక పెంచడం ఆపేసి, ఉన్న కుట్లతోనే నాలుగైదు చుట్లు తిప్పాలి. గోడ లేస్తుంది. ఆ తరవాత పెంచిన లెక్కలోనే తగ్గించుకుంటూ వస్తే బంతి అవుతుంది. మూతి మూయకముందే దూది కూరాలి.

బొమ్మ విద్య అంతా ఇంతే. పెద్ద బంతి పొట్ట, చిన్న బంతి తల, సన్నని గొట్టాలు కాళ్ళూ చేతులూ. చెవి పొడుగ్గా ఉంటే కుందేలు, ముక్కు పొడుగ్గా ఉంటే ఏనుగు. జపానులో అమిగురుమి అని పిలిచే ఈ బొమ్మలు 2000 తరవాత ప్రపంచమంతా పాకింది ఈ సులువు వల్లే.

సులువే గానీ లెక్క మాత్రం తప్పకూడదు. చుట్టు మీద చుట్టు మరచుట్టులా పైకి పోతూనే ఉంటుంది కాబట్టి, ఏ చుట్టు ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. మొదటి కుట్టుకు ఒక పిన్నీసు పెట్టుకుంటే గండం గడుస్తుంది. నేర్పే అమ్మమ్మలకూ నేర్చుకునే మనవరాళ్ళకూ పేచీ వచ్చేది ఇక్కడే.

"ఆగవే, ఎన్నొచ్చాయో లెక్కెట్టు."

"ఇరవై అమ్మమ్మా."

"పద్దెనిమిది కదే రావాలి! ఎక్కడో రెండు దొంగకుట్లు పడ్డాయి. విప్పేయ్."

విప్పేయవచ్చు. సూది మీద ఉన్నది ఒక్క ఉచ్చే కాబట్టి, దారం కొస పట్టి లాగితే తప్పు జరిగిన చోటిదాకా జారిపోతుంది. దారం పాడవదు, మళ్ళీ అక్కణ్ణుంచి అల్లుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే దయగల విద్య ఇంకోటి లేదు.

పసిపిల్లల చేతికి బొమ్మ ఇచ్చేముందు నాలుగు జాగ్రత్తలు. ఒకటి, కళ్ళు. అంగట్లో ప్లాస్టిక్ కళ్ళు దొరుకుతాయి, చూడ్డానికి బాగుంటాయి. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మకు వాటిని పెట్టవద్దు. గుండీలు, పూసలు, గజ్జెలు అసలే వద్దు. పిల్లలకు చేతికొచ్చిందల్లా నోట్లోకే. ఊడిన కన్ను గొంతులో అడ్డం పడుతుంది. నల్లదారంతో కళ్ళు కుట్టేయండి. రెండు, దూది. బూరుగు దూది ఉతికితే ముద్దకట్టుకుపోతుంది. ఉతికి ఆరేయడానికి పాలిస్టర్ ఫైబర్ దూది నయం. మూడు, అతుకు. కాలు, చెయ్యి, చెవి అతికిన చోట దారం రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దించి, బలంగా లాగి చూడండి. మీ లాగుడుకు నిలిస్తేనే పిల్లాడి పళ్ళకు నిలుస్తుంది. నాలుగోది అల్లేవారికంటే ఇంట్లోవారికి ముఖ్యం. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు ఊయలలో మెత్తటి బొమ్మలేవీ ఉంచకూడదు. ముఖం మీద పడితే తీసుకోవడం ఆ బిడ్డకు చేతకాదు.

ఇప్పుడు టోపీ. నిజానికి టోపీ అంటే మూయకుండా ఆపేసిన సగం బంతే. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. క్రోషే సాగుతుంది కాబట్టి మూడు సెంటీమీటర్లు తగ్గించి 32 వేసుకోండి. దాన్ని 3.14తో భాగిస్తే పది సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే నడినెత్తి నుంచి మొదలుపెట్టిన గుండ్రటి అల్లిక పది సెంటీమీటర్ల వెడల్పు రాగానే పెంచడం ఆపేసి, నేరుగా కిందికి దించాలి. పైనుంచి అంచుదాకా పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్ల లోతు చాలు. బడిలో చదువుకున్న వృత్తం లెక్క ఇలా పనికొస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు కొలత ఇంకా తగ్గుతుంది. అది ఆస్పత్రిలో నర్సమ్మను అడిగి తెలుసుకోవలసిందే.

అప్పుడే పుట్టిన బిడ్డకు టోపీ అలంకారం కాదు. పసిబిడ్డ ఒంటితో పోల్చుకుంటే తల పెద్దది. తడితలతో ఉన్న బిడ్డ ఒంటి వేడి త్వరగా పోతుంది. అందుకే పుట్టగానే ఒళ్ళు తుడిచి, తల్లి ఎదమీద పడుకోబెట్టి, తలకు టోపీ పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు ఇది మరీ అవసరం. తల్లి ఒంటి వేడినే బిడ్డకు ఇచ్చే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఒక ఆస్పత్రిలో మొదలైంది. చాలినన్ని ఇంక్యుబేటర్లు లేక మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడు మన ప్రభుత్వ ఆస్పత్రుల నవజాత శిశు విభాగాల్లోనూ ఆచరిస్తున్నారు. అందులో బిడ్డ ఒంటిమీద ఉండేది డైపరు, మేజోళ్ళు, తలకు టోపీ.

అలాగని టోపీ ఎల్లవేళలా పెట్టి ఉంచమని కాదు. మన ఎండలు మనకు తెలుసు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో పసిబిడ్డకు ఊలు కుళ్ళాయి తొడిగితే అది ప్రేమ కాదు, శిక్ష. నూలు దారంతో అల్లండి. ఇంటికి వచ్చాక, బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడు, ఇంట్లో నిద్రపోయే వేళ తలమీద టోపీ వద్దనే పిల్లల వైద్యులు అంటారు. ఒంటి వేడి ఎక్కువైతే చాలామటుకు తలలోంచే బయటికి పోవాలి. మెడ కింద ముడివేసే పొడుగు తాళ్ళు, నెత్తిమీద ఊలు బంతులు, గుండీలు పెట్టవద్దు. పెద్ద కన్నాల డిజైను కూడా పసివాళ్ళకు తగదు, చిట్టి వేళ్ళు ఇరుక్కుంటాయి.

బొమ్మనూ ఆస్పత్రినీ కలిపిన ముచ్చట ఒకటుంది. 2013లో డెన్మార్కులో నెలలు నిండని బిడ్డలకోసం క్రోషే ఆక్టోపస్ బొమ్మలు అల్లి ఇవ్వడం మొదలైంది. దాని కాళ్ళు మెలికలు తిరిగి ఉంటాయి. బిడ్డ వాటిని పట్టుకుని ఉంటుంది, ఒంటికి తగిలించిన ట్యూబులను లాగే బదులు. అవి కడుపులో ఉన్నప్పటి బొడ్డుతాడులా తోస్తాయని అంటారు. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు పెట్టుకున్న నియమాలు చూడండి. దారం నూటికి నూరుపాళ్ళు నూలుదే కావాలి. 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికినా తట్టుకోవాలి. కాలు సాగదీసినా 22 సెంటీమీటర్లు దాటకూడదు, మెడకు చుట్టుకోకుండా. ఇది వైద్యం కాదు, ఊరట మాత్రమే. ఆ ఊరటకైనా ఇంత కొలత పెట్టుకున్నారు. మనవాళ్ళెవరైనా ఆస్పత్రికి టోపీలో బొమ్మలో ఇవ్వాలనుకుంటే, ముందు అక్కడి డాక్టరును అడిగి, వాళ్ళు ఏం తీసుకుంటారో, ఏ కొలత కావాలో తెలుసుకుని అల్లండి. మనకు ముద్దొచ్చింది కదా అని తీసుకెళితే అది బీరువాలో పడి ఉంటుంది.

చివరిగా, ఆ మూడొందల సంగతి.

అరచేతిలో పట్టే ఏనుగుపిల్లకు దారం, దూది కలిపి అరవై రూపాయలు అయిందనుకుందాం. చేయి తిరిగిన మనిషికి అయిదు గంటల పని. గంటకు నలభై రూపాయలు వేసుకుంటే రెండు వందలు. వెరసి రెండు వందల అరవై. స్టాలు అద్దె, సంచి, చెడిపోయిన ముక్కలు కలుపుకుంటే మూడొందలు. గంటకు నలభై అంటే ఎనిమిది గంటలకు మూడు వందల ఇరవై. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే మనం ఎక్కువని అనుకుంటున్న ఆ ధరలో అల్లినామెకు దక్కేది దాదాపు ఆ కూలి మాత్రమే. అదే బొమ్మ నూట యాభైకి వచ్చిందంటే చవగ్గా అల్లే యంత్రమేదో దొరికిందని కాదు. ఆ గంటకు ఆమెకు దక్కింది ఇరవై రూపాయలైనా లేదని.

అల్లి అమ్మేవారికి ఒక మాట. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. అయితే కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్ముకునే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. అలా నమోదైన కళాకారులకు పహచాన్ అనే గుర్తింపు కార్డు ఇస్తారు. అమ్మకం మొదలుపెట్టాలనుకునే అక్కచెల్లెళ్ళు ముందు ఆ కార్డుకు దరఖాస్తు పెట్టుకోండి. ప్రతి బొమ్మకూ ఒక చీటీ కట్టండి. దానిమీద మీ పేరు, ఏ దారమో, ఎలా ఉతకాలో, ఏ వయసు పిల్లలకో రాయండి. ఎన్ని గంటలు పట్టిందో కూడా రాయండి. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తీరిక వేళ కాలక్షేపం అనే మాటను ఆ ఒక్క అంకె తుడిచేస్తుంది.

కొనేవారికి నా మనవి. బారసాలకో పుట్టినరోజుకో క్రోషే బొమ్మ కొనాలనుకున్నప్పుడు బేరం ఆడేముందు, "దీనికి ఎన్ని గంటలు పట్టిందమ్మా?" అని ఒక్కమాట అడగండి. జవాబు విన్నాక కూడా ధర ఎక్కువనిపిస్తే కొనకండి, ఫరవాలేదు. కొంటే మాత్రం ఆ గంటలకు తగిన డబ్బు ఇచ్చి కొనండి.